పేరిందేవి వేసిన వెడల్పు రోడ్డు

అనగనగా అనకపోతే మీరు కథ విననంటారు కాబట్టి అంటున్నాను. అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక నేరేడు చెట్టు. ఆ చెట్టు కింద, నేల లోపల, చీమల పట్నం. అది ఎప్పటిదో ఎవరికీ తెలీదు. అడిగితే "మా ముత్తవ్వల నాటిది" అనేవి చీమలు. ఆ ముత్తవ్వలూ అదే మాట చెప్పేవారట.

ఆ పట్నంలో అన్నీ సందులే. ఎదురుగా ఇంకో చీమ వచ్చిందంటే ఇద్దరూ ఆగాల్సిందే. మీసాలు మీసాలు ఆనించి, ఒకరు గోడకి అతుక్కుంటే రెండోవారు ఒదిగి వెళ్ళాలి. ఆడచీమలకి మీసాలేమిటని నవ్వకండి, ఉంటాయి. చీమలకి చెవులుండవు. మీసాలు ఆనిస్తేనే మాట. ఆనించాక ఊరికే పోతారా? "ఏం వదినా, కులాసానా? తూర్పు గుమ్మం దగ్గర బెల్లం ముక్క పడిందట" అని ఓ మాట అనేసి మరీ పోయేవారు. పది అడుగుల పనికి పూట పట్టేది.

పేరిందేవి ఆ పట్నానికి మేస్త్రి. అన్నం తింటూ కూడా నేల వంక చూసి "ఇక్కడ కాస్త ఒంపుంది" అనే రకం.

ఒకరోజు భూకంపం వచ్చింది. ఇది ఏనుగు పనేనని అడవిలో కొందరన్నారు. "నేను పడుకుని ఉన్నాను" అంది ఏనుగు. ఎవరి పనైతేనేం, పట్నం కూలింది. సందుల్లో ఉన్నవాళ్ళకి పరుగెత్తే చోటు లేదు. ముందు ఒకరు, వెనక ఒకరు, పైనుంచి మట్టి.

పేరిందేవి అక్క మంగతాయారు ధాన్యపు సందులో ఇరుక్కుపోయింది. "నా పిల్ల పిల్లల గదిలో ఉంది, మా చెల్లికి చెప్పండి" అని ముందున్న చీమకి మీసం ఆనించింది. ఆ చీమ దాని ముందున్నదానికి, అది ఇంకోదానికి చెప్పింది. మాట సందు దాటి పేరిందేవిని చేరింది. పేరిందేవి పరుగున వెళ్ళి పిల్లని బయటికి తెచ్చింది. తిరిగి వచ్చేసరికి సందు లేదు. అక్కా లేదు.

ఆ పిల్ల పేరు నాంచారి. దాన్ని కరుచుకుని పేరిందేవి వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఈ పాడు సందులే మా అక్కని మింగాయి. ఇక ఈ ఊళ్ళో సందన్నది ఉండకూడదు" అంది.

రాణిగారు పిలిపించింది. "ఊరు మళ్ళీ కట్టాలి. దారులు ఎలా వేద్దాం?" అని అడిగింది.

"ఉత్తరం గుమ్మం నుంచి దక్షిణం గుమ్మం దాకా ఒకటే రోడ్డు. తిన్నగా. వెళ్ళేవాళ్ళు ఎడమ పక్క, వచ్చేవాళ్ళు కుడి పక్క. ఎవరికీ ఎవరూ తగలరు" అంది పేరిందేవి.

"ఓసారి జనాన్ని అడిగితే?"

"ఏడుస్తున్నవాళ్ళని ఏమడుగుతాం రాణిగారూ? కట్టి చూపిస్తే వాళ్ళే సంతోషిస్తారు."

తవ్వే పని వానపాము గవర్రాజుకి అప్పగించారు. "తిన్నగా తవ్వగలవా?" అని అడిగింది పేరిందేవి. "పుట్టి బుద్ధెరిగి తిన్నగా పోలేదమ్మగారూ, చూద్దాం" అన్నాడు గవర్రాజు. పాపం, నానా తంటాలు పడి తవ్వాడు. రోడ్డు నిజంగానే తిన్నగా వచ్చింది. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది గవర్రాజే.

కొత్త రోడ్డు మీద చీమలు రివ్వున పోసాగాయి. పేరిందేవి రోడ్డు పక్కన నిలబడి మురిసిపోయేది.

మొదట ఒక మూటలు మోసే చీమ వచ్చి మీసం ఆనించింది. "అమ్మా, ఇదివరకు బరువుగా ఉంటే మూట గోడకి ఆనించి ఊపిరి తీసుకునేదాన్ని. ఇప్పుడు గోడ ఎక్కడో ఉంది."

"ఇంటికెళ్ళి తీసుకో ఊపిరి" అంది పేరిందేవి.

తర్వాత ఒక ముసలి చీమ వచ్చింది. "మూడో ఒంపు దగ్గర మా ఇల్లు. ఇప్పుడు ఒంపులేవీ? నిన్న ఎవరింట్లోనో పడుకున్నాను. వాళ్ళూ ఏమీ అనలేదు."

"గుమ్మం ముందు రాయి పెట్టుకో" అంది పేరిందేవి.

చివరికి నాంచారి వచ్చింది. "పిన్నీ, రోడ్డు మీద ఎవరూ నాతో మాట్లాడట్లేదు."

"రోడ్డున్నది నడవడానికి తల్లీ. పిచ్చాపాటీకి కాదు" అని పేరిందేవి దాని తల నిమిరి పిల్లల గదికి పంపేసింది. ఆ గది రోడ్డుకి సరిగ్గా సగం దూరంలో, పక్కకి దిగే పల్లంలో ఉంది.

కొన్నాళ్ళకి వాన మొదలైంది. పేరిందేవి ఎప్పట్లాగే రోడ్డు పక్కన నిలబడింది. ఉత్తరం వైపు నుంచి చీమలు గుంపులు గుంపులుగా, మునుపెన్నడూ లేనంత వేగంగా దక్షిణానికి పోతున్నాయి. "ఆహా, ఏం నడక! ఏం నడక!" అనుకుంది పేరిందేవి. అవతలి పక్క చీమలు తీరిగ్గా ఉత్తరానికి వెళ్తూనే ఉన్నాయి. ఎవరికీ ఎవరూ తగల్లేదు.

అంతలో దక్షిణానికి పోయే చీమల కాళ్ళు తడిగా ఉండటం కనిపించింది. ఉత్తరం గుమ్మంలో నీళ్ళు పడ్డాయి! తెలిసినవాళ్ళు పారిపోతున్నారు, తెలియనివాళ్ళు ఎదురెళ్తున్నారు. పల్లంలో ఉన్న పిల్లల గదికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

పేరిందేవి రోడ్డు మీదికి ఉరికింది. ఒకదానికి మీసం ఆనించబోయింది, అది పక్కకి తప్పుకుని పోయింది. ఇంకోదాన్ని ఆపబోయింది, అదీ పోయింది. రోడ్డు అంత వెడల్పుగా ఉంటే తప్పుకోకేం చేస్తారు? ఒక్కతే పల్లంలోకి పరుగెత్తితే ఎంతమందిని మొయ్యగలదు? అప్పుడు తట్టింది పేరిందేవికి. ఆనాడు అక్క మాట తనదాకా ఎలా వచ్చింది? ఆ పాడు సందు మొయ్యబట్టే వచ్చింది.

వానంటే పండగ కదా, గవర్రాజు రోడ్డు మీదే షికారు చేస్తున్నాడు. పేరిందేవి వెళ్ళి అతని వీపు మీద మీసాలు ఆనించింది. "గవర్రాజూ! రోడ్డుకి అడ్డంగా పడుకో!"

"పడుకుంటానమ్మగారూ. అది నాకు వచ్చిన పనే."

"ఈ చివర ఒక్క సందు వదులు."

ఆ మాట తన నోటే వచ్చినందుకు పేరిందేవికి ఒళ్ళు జలదరించింది. అయినా ఆ సందులోనే నిలబడింది. వచ్చే చీమా పోయే చీమా ఆగక తప్పలేదు. ముందున్నదానికి మీసం ఆనించి "పల్లంలో పిల్లలున్నారు, ఎత్తుకోండి" అంది. అది వెనకదానికి చెప్పింది. మాట రెండు వైపులా పాకింది. గది దగ్గరున్న చీమలు పల్లంలోకి దిగి, ఒక్కో పిల్లని నోట కరుచుకుని పైకొచ్చాయి.

ఈలోగా సందు ముందు జనం పేరుకుపోయారు. ఒకరి మీద ఒకరు పడుతున్నారు, వెనక నీళ్ళు తోసుకొస్తున్నాయి. అచ్చం ఆనాటిలాగే. "ఇక లే గవర్రాజూ, గోడ వారకి జరుగు!" అని మీసాలతో కొట్టింది. అతను జరిగాడు. వెడల్పు రోడ్డు తెరుచుకుంది. పిల్లలతో సహా చీమలన్నీ ఒక్క ఊపున దక్షిణం గుమ్మం దాటాయి. గాదెలు మునిగాయి గానీ ఎవరూ పోలేదు. నాంచారిని మోసుకొచ్చింది ఆ మూటల చీమే.

నీళ్ళు తీశాక రాణిగారు మళ్ళీ పిలిచింది. "ఈసారి ఎలా వేద్దాం?"

"అడిగి చెబుతాను" అంది పేరిందేవి.

ఇల్లిల్లూ తిరిగి "దారిలో మీరేం చేస్తారు?" అని అడిగింది. "ఏముందీ, నడుస్తాం" అన్నాయి అన్నీ. ఇలా లాభం లేదని వాళ్ళ వెనకే నడిచింది. వాళ్ళు ఎక్కడ ఆగుతున్నారో, ఎవరితో మాట్లాడుతున్నారో చూసింది. రోడ్డుని వెడల్పుగానే ఉంచి, ఇళ్ళ దారులు వచ్చి కలిసే ప్రతి కూడలిలో ఒక మట్టి గట్టు పోయించింది. గట్టులో ఇద్దరు ఒదిగి వెళ్ళేంత సందు. మామూలు రోజుల్లో అందులోంచే పోవాలి. ప్రాణం మీదికి వస్తే నలుగురు కలిసి తోస్తే చాలు, గట్టు కూలిపోతుంది. అది ఎంత ఎత్తుండాలని చీమలన్నీ వాదించుకున్నాయి. కట్టడానికి పట్టిన కాలం కంటే దానికే ఎక్కువ పట్టింది. పేరిందేవి ఓపిగ్గా అన్నీ విన్నది.

గట్లు ఆరిన మర్నాడు నాంచారి మొదటి సందులో ఒక చీమకి ఎదురుపడి మీసాలు ఆనించింది. "ఏం చిట్టితల్లీ, ఏం సంగతి?" అంది చీమ. "ఆకలేస్తోంది" అంది నాంచారి. అంతే. ఎవరి దారిన వాళ్ళు పోయారు.

మధ్యాహ్నానికల్లా పేరిందేవి గుమ్మం ముందు నూకలు, నువ్వులు, ఎండిన నేరేడు తొక్కలు కుప్ప పడ్డాయి. "తల్లిలేని పిల్లకి ఆకలిగా ఉందట" అంటూ తలా ఒకటి పెట్టి పోతున్నారు. ఊరి ఆ చివరికి చేరేసరికి ఆ మాట "పేరిందేవి ఇంటిల్లిపాదీ పస్తట" అని మారింది. ఆఖరికి రాణిగారే ఒక పంచదార పలుకు మోసుకొచ్చి పెట్టేసి వెళ్ళింది.

"పిన్నీ, వీళ్ళందరికీ ఎలా తెలిసింది?" అంది నాంచారి.

"తిను తల్లీ" అని, పేరిందేవి గోడ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది.

నీతి: దారి ఉన్నది నడవడానికి మాత్రమే కాదు, ఒకరి కష్టం ఇంకొకరికి తెలియడానికి కూడా. అందుకే కూలిన ఊరికి దారి వేసేవాళ్ళు ముందు ఆ దారిన నడిచేవాళ్ళ వెంట నడవాలి.