గాలెమ్మ గట్టు మీద పేరు పిలిచే మొక్కు

అన్యాయం జరిగింది బోయ ఈరక్కకు, 2014 ఎండాకాలంలో. గట్టెక్కిన భక్తులు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి, దండాలు తర్వాత.

గట్టు పొడవునా నేడు గాలిమరలు తిరుగుతున్నాయి. ఏడో మర దగ్గర, కంచె బయట, ఆడవాళ్ళు కొత్త కొర్రలు చేటతో ఎగరబోసి అమ్మవారిని గొంతెత్తి పిలుస్తారు. విగ్రహం కోసం వెతకవద్దు. అది మర పునాదిలో ఉంది.

పూర్వం ఇక్కడ గాలి స్తంభించి, కళ్ళాల్లో గింజ పొట్టుతోనే ముక్కిపోతున్న ఏట, ఈరక్క ముత్తవ్వకు అమ్మవారు కలలో కనిపించింది. "గట్టు మీది నల్లరాయిని నేనే. పేరు గాలెమ్మ. తొలి చేట నా ముందు ఎగరబొయ్యండి, గాలి ఇస్తాను. నా పేరు మగవాడి చెవిన పడిందా, ఆపేస్తాను" అంది. ఆనాటి నుండి ఆ పేరూ ఆ రాయీ ఆడవాళ్ళ గుట్టుగానే ఉండిపోయాయి. మగవాళ్ళకు ఇది పేరు లేని గట్టు.

2014 ఎండాకాలంలో గాలిమరల కంపెనీ ఇంజనీరు వచ్చి రచ్చకట్ట మీద పటం పరిచాడు. "గుడి గానీ సమాధి గానీ ఉంటే ఇప్పుడే చెప్పండి, మరను పక్కకు జరుపుతాం" అన్నాడు. మర్యాదస్థుడే, కాదనలేము. మన పెద్దమనుషులు మీసాలు సవరించుకుని, "రాళ్ళూ రప్పలూ తప్ప ఏముండాయి సారూ!" అన్నారు. ఇంట్లో ఉప్పు ఎక్కడుందో ఎరగనివాళ్ళు గట్టు మీద ఏముందో చెప్పారు!

వెనక నిలబడ్డ ఈరక్క చేట పైకెత్తింది. "ఆ ఏడోది ఆడ వద్దు సారూ."

"ఎందుకమ్మా, ఏముంది అక్కడ?"

అమ్మవారు ఉందంటే పేరేమిటని అడుగుతారు. పేరు చెబితే ఊరికి గాలి పోతుంది. చెప్పకపోతే అమ్మ పోతుంది. ఈరక్క ఎత్తిన చేట దించేసింది.

"చెప్పే ఈరీ, లంకెబిందెలు దాచిపెట్టినావా ఏం?" అని ఊరిపెద్ద హనుమప్ప ఎకసెక్కాలాడాడు. అందరూ నవ్వారు. ఇంజనీరు ఆమె వైపు ఇంకాసేపు చూసి, పటం మడిచాడు.

పునాది తవ్వినప్పుడు నల్లరాయి పగిలి కాంక్రీటులో కలిసిపోయింది. మరుసటి ఏడు కోతలయ్యాక ఈరక్క ఒంటరిగా గట్టెక్కింది. మర దగ్గర పనిచేసే మగవాళ్ళందరూ వినేలా "గాలెమ్మా!" అని అరిచింది. అన్నమాట ప్రకారం గాలి ఆపెయ్ తల్లీ, ఈ రెక్కలు నిలిచిపోనీ అని ఆమె కోరిక.

గాలి ఆగలేదు. ఇంకా హోరెత్తింది. మగవాళ్ళు పేరు విన్నా తల్లికి కోపం రాలేదు. ఈరక్క అక్కడే కూలబడి, "ఈ మాట ఆ పొద్దే అనింటే నిన్ను కాపాడుకునేదాన్ని కదమ్మా" అని ఏడ్చింది.

అందుకే ఈ క్షేత్రంలో మొక్కు నోటితోనే తీరాలి. కొబ్బరికాయ కొట్టినా కొట్టకున్నా, మగవాళ్ళ ఎదుట అమ్మ పేరు పిలవాలి. అలా పిలిచిన ఆడదాని మాట ఏ సభలోనూ వృథా పోదని నమ్మకం. చుట్టుపక్కల ఏ ఊరికి కొలతలవాళ్ళు వచ్చినా, ఆ ఊరి ఆడవాళ్ళు ముందు ఇక్కడికి వచ్చి, తర్వాతే పంచాయతీకి పోతున్నారు. ఈరక్క నోరు విప్పిన రోజును కంచె పక్క రాతి మీద సున్నంతో రాసి, ఏటా దిద్దుతారు: కార్తీక బహుళ విదియ, శుక్రవారం, 2015 నవంబరు 27.