ఇనుమయ్య విరిగిన చెయ్యి

విశాఖపట్నం మల్కాపురంలో ఉదిత అనే చురుకైన అమ్మాయి ఉండేది కానీ, తప్పు చేస్తే ఒప్పుకోవడానికి మాత్రం ఆమెకు నోరు పెగిలేది కాదు.

ఉదిత నాన్న దాలినాయుడు సరుకుల ఓడలో పనిచేసేవాడు. ఏడాదిలో ఎక్కువకాలం సముద్రం మీదే ఉండేవాడు. ఆయనకు రోబో బొమ్మలు సేకరించడమంటే మహా ఇష్టం. జపాన్‌లో ఒక పాత దుకాణంలో దొరికిన ఎర్ర ప్లాస్టిక్ రోబోనైతే ప్రాణంగా చూసుకునేవాడు. అలాంటి బొమ్మలు తయారుచేయడం ఎప్పుడో ఆగిపోయింది. దానికి ఇనుమయ్య అని పేరు పెట్టి, "నేను లేనప్పుడు వీడిని నువ్వే చూసుకోవాలి" అని కూతురికి అప్పగించి ఓడెక్కాడు.

ఆ ఏడు ఓడ మరమ్మతు కోసం ఒక విదేశీ రేవులో ఆగింది. అక్కడ సిగ్నల్ బాగుండడంతో నాన్న రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసేవాడు. "ఏడీ మన ఇనుమయ్య?" అనేవాడు. ఉదిత బొమ్మ చెయ్యి ఎత్తి ఊపేది. అటునుంచి ఆయనా చెయ్యి ఊపేవాడు. ఆ కాసేపటి కోసం ఆమె బడి నుంచి రాగానే ఫోన్ పక్కన చేరేది.

ఒకరోజు అలమరలోంచి తీస్తుంటే బొమ్మ జారి గచ్చు మీద పడింది. భుజంలో దూరే ముక్క విరిగి చెయ్యి ఊడిపోయింది. అమ్మ వంటింట్లో ఉండగానే ఉదిత గబగబా జిగురు పిండి చెయ్యి అతికించేసింది. చూడ్డానికి ఏమీ జరగనట్టే ఉంది. కానీ జిగురు కీలులోకి కారి గట్టిపడిపోయింది. చెయ్యి ఇక కదలలేదు.

"ఏడమ్మా ఇనుమయ్య? ఓసారి చెయ్యి ఊపమను" అన్నాడు నాన్న ఆ సాయంత్రం.

"నాకు హోంవర్కుంది నాన్నా" అని ఉదిత ఫోన్ పెట్టేసింది.

మర్నాడు తలనొప్పి అంది. ఆ తర్వాత నిద్రొస్తోందంది. అమ్మ ఫోన్ మాట్లాడుతుంటే తలుపు వెనక నిలబడి నాన్న గొంతు వినేది. "అమ్మలు అన్నం తిందా?" అని ఆయన అడుగుతుంటే ఆమెకు పరిగెత్తుకెళ్ళి ఆ ముఖం చూడాలనిపించేది. కాళ్ళు ముందుకు పడేవి కావు.

ఒక సాయంత్రం నాన్న అమ్మతో అంటున్న మాటలు సన్నగా వినిపించాయి. "దాన్ని బలవంతపెట్టకు, రమణా. ఎప్పుడూ ఇంటిదగ్గర లేని తండ్రిని. నామీద మనసు విరిగినట్టుంది."

ఉదిత ఇక ఆగలేకపోయింది. ఏడుస్తూ వెళ్ళి ఫోన్ అందుకుంది. "నాకు నీమీద కోపం లేదు నాన్నా! ఇనుమయ్య చెయ్యి విరగ్గొట్టేశాను. నీకు చెప్పలేకపోయాను."

ఆయన కళ్ళు తుడుచుకుని, "దీనికోసమా తల్లీ, నాకు కనబడడం మానేశావు?" అన్నాడు. "బొమ్మను కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టు. బాగా చల్లబడితే జిగురు పెళుసుగా అవుతుంది."

మరుసటి సాయంత్రం అమ్మ ఫోన్ పట్టుకుంది. నాన్న చెబుతుంటే ఉదిత మెల్లగా చెయ్యి కదిలించింది. పాత జిగురు చిట్లి ఊడివచ్చింది. అమ్మ సూది కాల్చి చేతికీ భుజానికీ చిన్న రంధ్రాలు చేసింది. ఉదిత పేపర్ క్లిప్ తీగ ముక్కను వాటిలో దూర్చి జిగురు పిండబోయింది.

"ఆగు! జిగురు ఒక్క చుక్కే. అదీ చేతి వైపే. భుజంలో తీగ వదులుగా తిరగాలి" అన్నాడు నాన్న.

జిగురు ఆరాక చెయ్యి సగం దాకా లేచింది. "అంత చాలమ్మా" అని ఆయన నవ్వాడు. "ఓడ బాగైంది. రేపు బయల్దేరుతున్నాం. నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు. మళ్ళీ రేవు చేరేదాకా మాట్లాడుకోలేం."

మర్నాటి సాయంత్రం ఉదిత అలవాటుగా ఫోన్ ముందు కూర్చుంది. అది మోగలేదు. నాన్న పిలుస్తున్నా తాను తలుపు వెనక నిలబడిన సాయంత్రాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటి తిరిగొస్తే ఎంత బాగుండునో అనుకుంది. ఒక్కటీ తిరిగి రాలేదు.

తప్పు జరిగిన వెంటనే చెప్పేయాలి; దాన్ని దాచిన ప్రతి రోజూ మనల్ని ప్రేమించేవాళ్ళకు మనం దూరమవుతాం.