దొరగారి పెద్ద బ్యాటరీ

రావిగూడెం దొరగారు మోటార్‌సైకిల్ ఇంజనుతో ఓ బుల్లి కారు తయారు చేయించుకున్నారు. దానికి మోటార్‌సైకిల్ బ్యాటరీయే చాలన్నాడు మెకానిక్ పైడయ్య.

"నా కారుకి అగ్గిపెట్టంత బ్యాటరీయా? లారీది బిగించు. లేదంటే నీ కొలువు ఊడుతుంది!" అన్నారు దొరగారు.

పైడయ్య లారీ బ్యాటరీయే బిగించాడు. మర్నాడు దొరగారి కోసం ఆయన వియ్యంకుడు గుట్టమీది బంగళాలో ఎదురుచూస్తుంటే, కారు సగం గుట్టెక్కి, రొప్పుతూ ఆగిపోయింది.

"బరువెక్కువైంది బాబయ్యా," అన్నాడు స్టీరింగు పట్టుకున్న పైడయ్య.

"అయితే ఏదో ఒకటి దించెయ్!"

"ఉన్నది మనిద్దరం, బ్యాటరీ. నేను దిగితే నడిపేవాడు లేడు. బ్యాటరీ దిగితే ఇంజను నడవదు."

వియ్యంకుడి ముందుకి బ్యాటరీ దర్జాగా కారులో వచ్చింది. దొరగారు పంచె ఎగ్గట్టి వెనకాల నడిచొచ్చారు.