తిరుపాలు దాచుకున్న ఊపిరి

తిరుపాలుకు చావంటే భయం. ఊరికే వచ్చిన భయం కాదది. వాళ్ల ఇంట్లో మగవాళ్లకు తల నెరవదు. తండ్రి నాగలి పట్టుకుని దున్నుతూ దున్నుతూ చాలులోనే కూలిపోయాడు. అన్న అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకముందే పక్కకు ఒరిగిపోయాడు. ఇక మిగిలింది నేనే, నా వంతే అని తిరుపాలు మనసులో పడిపోయింది.

అందుకే కొండ మీది మఠానికి వచ్చి గుర్రప్పస్వామి దగ్గర శిష్యుడిగా చేరాడు. స్వామి వయసెంతో ఎవరికీ తెలియదు. కింద ఊళ్లో కళ్లు కనబడని ముసలివాళ్లు కూడా "మా చిన్నప్పటికే ఆయన ముసలాయన" అనేవాళ్లు.

ఇంతకాలం ఎట్లా బతికాడంటే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవాళ్లు. అంబలి తాగడం వల్ల అని ఒకరు. కొండగాలి అని ఒకరు. "పెళ్లాం లేదు కదా, అదీ సంగతి" అన్నాడు ఒకాయన. పక్కనే ఉన్న ఆయన భార్య ఊరుకుంటుందా? "అయితే నువ్వు గూడా కొండెక్కు. నేనన్నా నూరేండ్లు బతుకుతా" అంది.

తిరుపాలు నేరుగా స్వామినే అడిగాడు.

"ఏం చేస్తే ఇన్నేండ్లు బతకొచ్చు సామీ?"

"పొద్దున్నే లేస్తా ఉంటే చాలురా," అన్నాడు స్వామి.

తిరుపాలుకు అది జవాబు అనిపించలేదు. స్వామి ఏదో దాస్తున్నాడు అనుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఒక బైరాగి మఠానికి వచ్చి నాలుగు రోజులుండి పోయాడు. పోతూ పోతూ తిరుపాలు చెవిలో ఒక మాట వేశాడు. దేవుడు మనిషికి ఇన్నేళ్లని రాయడట. ఇన్ని ఊపిర్లని రాసి పంపుతాడట. గబగబా పీల్చి వదిలేవాడికి గబగబా అయిపోతాయి. పొదుపుగా వాడుకున్నవాడు ఎక్కువకాలం ఉంటాడు. కుక్క ఎన్నాళ్లు బతుకుతుంది, తాబేలు ఎన్నాళ్లు బతుకుతుంది, నువ్వే చూసుకో అన్నాడు.

ఆ మాట తిరుపాలుకు గుండెలో దిగిపోయింది. స్వామి తెల్లవారుజామున కళ్లు మూసుకుని కదలకుండా కూర్చునేది ఇందుకే అన్నమాట!

అప్పటినుంచి అతను మారిపోయాడు. మెట్లు ఒక్కొక్కటే ఎక్కి నిలబడేవాడు. భజనలో పెదవులు కదిపేవాడే గాని గొంతు ఎత్తేవాడు కాదు. కోతి వచ్చి చేతిలో కొబ్బరిచిప్ప లాక్కుపోతే, అదిలించకుండా చూస్తూ నిలబడ్డాడు. కట్టెలు పచ్చివై పొయ్యి రాజకపోతే, ఊదుగొట్టం పక్కన పెట్టుకుని అదే అంటుకునేదాకా కూర్చునేవాడు. చివరికి స్వామే వచ్చి, కళ్లల్లో నీళ్లు కారుతుంటే ఊది మంట చేసేవాడు.

నీళ్లకు వచ్చే ఆడవాళ్లు ఊరుకోలేదు. "ఏమప్పా తిరుపాలూ, నిండుకడవ నెత్తిన పెట్టుకున్నట్టు నడుస్తావుండావే? యాడన్నా నొప్పా?" అనేవాళ్లు. తిరుపాలు సగం నవ్వి ఊరుకునేవాడు. పూర్తిగా నవ్వితే ఊపిరి ఖర్చు.

ఒకసారి ఎవరో చెప్పిన మాటకు స్వామి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. తిరుపాలు ప్రాణం ఒప్పలేదు. దగ్గరికి పోయి, "మెల్లగా సామీ, ఊపిరి పోతుంది" అన్నాడు. స్వామి అతని ముఖం చూసి, దగ్గు వచ్చేదాకా ఇంకా నవ్వాడు.

ఎండాకాలం వచ్చింది. గొర్రెల కాపర్లు మందలు తోలుకుని మేతకు కొండ దాటి పోతున్నారు. ఒక మధ్యాహ్నం సుంకమ్మ అనే ముసలామె, కడుపుతో ఉన్న కోడలిని భుజాన ఆనించుకుని మఠం గడప దగ్గర కూలబడింది. కొడుకు మందతో ముందు పోయాడు. కోడలికి నెలలు నిండకముందే దారిలో నొప్పులు వచ్చాయి.

స్వామి వెనకగది చూపించాడు. తిరుపాలును నీళ్లు కాచమన్నాడు. తర్వాత ఇద్దరూ వచ్చి వసారాలో కూర్చున్నారు. లోపల ఆ పిల్ల అరుస్తోంది. సుంకమ్మ "ఇంకొంచెమే తల్లీ, ఇంకొంచెమే" అంటోంది. ఆఖరికి ఒక పెద్ద కేక వినిపించింది.

ఆ తర్వాత బిడ్డ ఏడుపు వినిపించాలి. వినిపించలేదు.

తలుపు తోసుకుని సుంకమ్మ బయటికి వచ్చింది. చేతుల్లో పాతచీర ముక్క, అందులో బిడ్డ. నేరేడుపండు రంగులో ఉంది. తల వాలిపోయి ఉంది.

"ఆడబిడ్డ సామీ. ఏడవడం లేదు," అంది. వీపు రుద్దింది. అరికాళ్ల మీద వేలితో కొట్టింది. వంగి బిడ్డ నోట్లో ఊదబోయింది. ఊదలేకపోయింది. ఆమెకు ఉబ్బసం. దగ్గు తెర ముంచుకొచ్చి రొమ్ము గురగురలాడింది.

దగ్గరగా ఉన్నది తిరుపాలే. బిడ్డను అతని చేతుల్లో పెట్టేసింది.

"నువ్వు ఊదు నాయనా. నాకు ఊపిరి నిలవదు. నువ్వు వయసులో ఉండావు. మెల్లగా, నోట్లోకి ఊదు."

తిరుపాలు బిడ్డ మీదికి వంగాడు. ముఖం దగ్గరికి ముఖం తెచ్చాడు.

ఆగిపోయాడు.

ఒక్కసారి ఊదితే సరిపోయేది కాదిది. ఎన్ని ఊదాలో? ఊదినా బతుకుతుందో లేదో? పోయిన ఊపిర్లు మళ్లీ ఎవరిస్తారు? చాలులో పడిన నాన్న కనిపించాడు. అన్నం ముందు ఒరిగిన అన్న కనిపించాడు. తిరుపాలు పెదవులు బిడ్డ పెదవులకు అంగుళం దూరంలో అట్లాగే నిలిచిపోయాయి.

"ఊదు నాయనా!" సుంకమ్మ అరిచింది. "ఏం చూస్తావు, ఊదు!"

గుర్రప్పస్వామి లేచాడు. ఆయన అంత వేగంగా లేవడం తిరుపాలు ఎన్నడూ చూడలేదు. చేతుల్లోంచి బిడ్డను లాక్కున్నాడు. భుజం మీది తుండుగుడ్డతో బిడ్డ నోరు తుడిచి, నోరూ ముక్కూ తన నోటితో మూసి ఊదాడు. తల ఎత్తి చూశాడు. మళ్లీ ఊదాడు.

కోడిపిల్ల రొమ్మంత రొమ్ము. ఆయన ఊదితే లేస్తోంది, ఆపితే పడిపోతోంది. స్వామి మెడ మీద నరాలు తాళ్లలా తేలాయి. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ముఖం నల్లబడుతోంది. అయినా ఆపడు.

"చాలు సామీ!" తిరుపాలు అరిచాడు. "వదిలెయ్యండి, మీరు పోతారు!"

స్వామి ఆ మాట విననే లేదు. ఇంకోసారి వంగాడు.

బిడ్డ ఎక్కిళ్లు పెట్టినట్టు కదిలింది. నోరు వంకర పోయింది. పిల్లిపిల్ల అరిచినట్టు సన్నగా ఒక కూత వచ్చింది. తర్వాత అసలు ఏడుపు వచ్చింది, మఠమంతా వినిపించేట్టు.

"అత్తా!" లోపలినుంచి కోడలు కేక పెట్టింది. "నా బిడ్డేనా? బతికిందా అత్తా?"

"బతికిందే! బతికింది!" సుంకమ్మ బిడ్డను గుండెకు అదుముకుంది.

స్వామి స్తంభానికి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. నోరు తెరిచి రొప్పుతున్నాడు. కొలిమితిత్తిలా ఆ పొట్ట లోపలికీ బయటికీ పోతోంది. తిరుపాలు నిలబడినచోటే నిలబడి ఉన్నాడు. బిడ్డను ఎట్లా పట్టుకున్నాడో చేతులు ఇంకా అట్లాగే ఉన్నాయి. వాటిలో ఏమీ లేదు.

సుంకమ్మ వచ్చి స్వామి పాదాల దగ్గర కూర్చుంది.

"సామీ, నీయంత వయసు బతకాలని నా మనవరాలికి ఒక్క మాట దీవించు."

స్వామి ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. చెయ్యెత్తి ఆగమన్నాడు. చాలాసేపటికి ఊపిరి కూడదీసుకుని, తిరుపాలు వైపు చూపించాడు.

"వాణ్ణి అడుగమ్మా. దాచిపెట్టింది వాడి దగ్గర ఉంది."

సుంకమ్మకు ఏమీ అర్థం కాలేదు. పెద్దాయన చెప్పాడు కదా అని, బిడ్డను తీసుకుపోయి తిరుపాలు ముందు పట్టుకుంది.

"దీవించు నాయనా," అంది.

తిరుపాలు నోరు తెరిచాడు. మోకాళ్ల మీద కూలబడిపోయి ఏడ్చాడు. ఆ ముసలామె ముందు, ఎక్కెక్కి, గుక్క తిప్పుకోకుండా, రొమ్ము పగిలిపోయేట్టు ఏడ్చాడు.

మెల్లగా, ఊపిరి పోతుంది అని స్వామి అనలేదు.