ఉప్పులంక కాపలా

నది సముద్రంలో కలిసే చోట ఉప్పులంక అనే చిన్న దీవి ఉంది. దాని నిండా మడ అడవి. ఆ అడవిలో లకుముకి పిట్టలు, ఎండ్రకాయలు, కొంగలు ఉండేవి. దీవికీ ఒడ్డుకీ మధ్య సన్నని పాయ. ఆ ఒడ్డున ఒక నక్క ఉండేది.

ఏటా కార్తీక మాసంలో ఉత్తర దేశాల నుంచి ఉల్లంకి పిట్టలు వచ్చేవి. ఒక్క పగలు ఇసుక తిన్నె మీద నిద్రపోయి, సాయంత్రం గాలికి దక్షిణంగా సాగిపోయేవి. అవి నిద్రపోయినంతసేపు దీవివాళ్లు ఇద్దరు కాపలా ఉండాలి. అడవి అంచున ఉన్న ఎత్తయిన చెట్టు మోడు మీద కూర్చున్నవారు ఆకాశంలో డేగ కోసం చూడాలి. కింద ఉన్నవారు పాయలో నీళ్లు చూడాలి. నీళ్లు తగ్గితే నక్క దాటుతుంది.

ఆ ఏడు పై కాపలా నీలప్ప అనే లకుముకిది. కింది కాపలా చుక్కమ్మ అనే ఎండ్రకాయది.

తెల్లవారగానే గుంపు దిగింది. ముందు దిగినది ముసలి ఉల్లంకి తూర్పమ్మ. తరువాతి మజిలీ ఎక్కడో ఆమె ఒక్కదానికే తెలుసు. మిగిలినవన్నీ ఆ ఏడు పుట్టిన పిల్లలే.

"లోపల మీరు పడుకోండర్రా. అంచున నేనుంటాను" అంది తూర్పమ్మ. "నీలప్పా, మా ప్రాణాలు నీ గొంతులో ఉన్నాయి నాయనా."

"నిశ్చింతగా పడుకో అవ్వా" అన్నాడు నీలప్ప.

కాసేపటికి డేగ వచ్చింది. నీలప్ప గట్టిగా అరిచాడు. పిట్టలన్నీ లేచాయి. డేగ ఉత్త కాళ్లతో పోయింది. "భలే నీలప్పా!" అన్నాయి కొంగలు. ఆ మాట అతని తలకెక్కింది.

మధ్యాహ్నం చుక్కమ్మ మోడు కిందికి వచ్చింది.

"తమ్ముడూ, నీళ్లు తగ్గుతున్నాయి. పాయ వైపు చూడు. నా గొంతు తిన్నె దాకా పోదు. నువ్వే అరవాలి."

"డేగ నీళ్లలో నడిచి వస్తుందా అక్కా?"

"నక్క వస్తుంది."

"పక్కకి నడిచేదానివి, నాకు దారి చూపిస్తావా? పొద్దున డేగను తరిమింది నువ్వా, నేనా?"

కొంగలు పకపకా నవ్వాయి. చుక్కమ్మ మళ్లీ చెప్పింది. మూడోసారీ చెప్పింది. నీలప్ప తల తిప్పలేదు. ఇక ఆమె తానే తిన్నె వైపు పరుగెత్తింది. ఎండ్రకాయ పరుగు ఎంతని! సగం దూరంలో ఉండగానే నక్క ఆమె పక్క నుంచి దూకి పోయింది.

అంచున ఉన్న తూర్పమ్మ ఒక్క కేక వేసింది. ఆ కేకకు పిల్లలన్నీ ఎగిరాయి. తూర్పమ్మ ఎగరలేదు.

సాయంత్రం గాలి వీచింది. అది దాటిపోతే ప్రయాణం సాగదు. పిల్లలు తిన్నె మీద రెండుసార్లు తిరిగాయి. అన్నిటికంటే చిన్నది మోడు దగ్గరకు వచ్చింది.

"నువ్వు చూస్తూనే ఉన్నావు కదా మామా?" అంది.

నీలప్ప అప్పుడు పాయ వైపు తల తిప్పాడు. పిల్లలు దారి తెలియకుండానే సముద్రం మీదికి వెళ్లిపోయాయి. ఎన్ని చేరాయో ఎవరికీ తెలియదు.

మరుసటి కార్తీకంలో ఆ పిల్లల్లో మిగిలినవి ఒక చిన్న గుంపుగా వచ్చాయి. నీలప్ప మోడు మీదే ఉన్నాడు. కింద చుక్కమ్మ ఉంది.

"అక్కా, నీళ్లు ఎలా ఉన్నాయి?"

"నిండుగా ఉన్నాయి తమ్ముడూ."

"దిగండి! నేను రెండు వైపులా చూస్తున్నాను, దిగండి!" అని నీలప్ప గొంతు పోయేదాకా అరిచాడు.

గుంపు దిగలేదు. అలసిన రెక్కలతోనే దీవి దాటి వెళ్లిపోయింది.

నీతి: ఇతరుల ప్రాణాలకు కాపలా ఉన్నవాడు తనకు కనిపించని వైపు నుంచి వచ్చే హెచ్చరికను ముందే వినాలి. తరువాత వచ్చిన బుద్ధి పోయిన ప్రాణాన్నీ తేలేదు, పోయిన నమ్మకాన్నీ తేలేదు.