అక్క మాట వినని పట్టణస్వామి

ఏ రాజు ఏలిన రోజులో ఇప్పుడెవరికీ గుర్తులేదు గాని, వెనకటికి మొగలివాగు ఒడ్డున మొగలిపురం అనే పట్నం ఒకటి ఉండేది. ఆ పట్నంలో గవరమ్మ, కనకలింగం అని ఇద్దరు అక్కాతమ్ముళ్లు ఉండేవారు.

విషజ్వరం సోకి వాళ్ల తల్లిదండ్రులు ఒకే వారంలో కన్నుమూశారు. అప్పటికి గవరమ్మకు పన్నెండేళ్లు, కనకలింగానికి మూడేళ్లు. నా అన్నవాళ్లు లేరు. చలికి వణుకుతున్న తమ్ముణ్ణి చంకనేసుకుని గవరమ్మ వీధి అరుగు మీద కూర్చుంది. పక్కింటి ఇల్లాలు చిరిగిన చీరను పెంటకుప్ప మీద వేయబోతోంది.

"పెద్దమ్మా, పారేసేదేదో నాకే ఇవ్వరాదూ?" అని అడిగింది గవరమ్మ.

ఆ చీరను నాలుగు మడతలు వేసి కుట్టి తమ్ముడికి కప్పింది. పిల్లవాడు వెచ్చగా నిద్రపోయాడు. మర్నాడు గవరమ్మ గంప పట్టుకుని ఇంకో ఇంటికి వెళ్లింది. ఆ మర్నాడు ఇంకో వీధికి వెళ్లింది.

అలా మొదలైంది పిల్లలూ, గవరమ్మ పని.

ఊరి వాకిట్లో ఆమెకు చిన్న పెరడు ఉండేది. ఆ పెరట్లో మూడు కుప్పలు పెట్టేది. ఒకటి బట్టల కుప్ప. పాత పంచెలు, చీరలు ఉతికి, ఆరేసి బొంతలు కుట్టేది. రెండోది గట్టి సామాను కుప్ప. చిల్లుపడ్డ చెంబులకు మాట్లు వేయించేది. విరిగిన కుండల్ని దంచి, ఆ పొడిని సున్నంలో కలిపి గచ్చు వేసేవాళ్లకు ఇచ్చేది. కొబ్బరి చిప్పలు గరిటెలయ్యేవి, పీచు తాడయ్యేది. మూడోది ఆకుల కుప్ప. ఎంగిలాకులు, కూరగాయల తొక్కలు, పొయ్యి బూడిద గోతిలో వేసి, మట్టి కప్పి, నీళ్లు చల్లేది. కొన్నాళ్లకు అది నల్లటి ఎరువయ్యేది. ఊరి రైతులు బళ్లు కట్టుకొచ్చి తీసుకుపోయేవారు.

బొంత తీసుకున్నవాళ్లు జొన్నలు పోసేవారు. ఎరువు తీసుకున్నవాళ్లు పప్పు తెచ్చేవారు. ఆ గింజలతోనే గవరమ్మ తమ్ముణ్ణి పెంచింది, పెద్దచేసింది, చదువు చెప్పించింది. తాను మాత్రం పెళ్లి మాట ఎత్తలేదు.

కనకలింగం తెలివైనవాడు. పసుపు, మిరియాల వర్తకం చేశాడు. ఎద్దుల బిడారులు నడిపాడు. మేడ కట్టాడు, పెళ్లాడాడు, పిల్లల్ని కన్నాడు. చివరికి రాజుగారు అతణ్ణి మొగలిపురానికి పట్టణస్వామిని చేశారు. అంటే ఊరంతటికీ పెద్ద అన్నమాట.

అంత పెద్దవాడైన తమ్ముణ్ణి చూసి గవరమ్మ మురిసిపోయింది. గంప మాత్రం దించలేదు.

ఒకనాడు వర్తకుల విందులో ఒకాయన నవ్వుతూ అన్నాడు: "పట్టణస్వామీ, నిన్ననే మా పాత చెప్పులు మీ అక్కగారి గంపలో వేశాం. ఈ పాటికి మీ ఇంటికి చేరే ఉంటాయి!"

అందరూ నవ్వారు. కనకలింగమూ నవ్వాడు. కాని విస్తరి ముందు నుంచి సగంలోనే లేచాడు.

అదే నెలలో రాజుగారు మొగలిపురం చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. కనకలింగం అక్క దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, ఈ పని ఇక చాలు. మా మేడలో నీకో గది కట్టించాను. ఊరి వాకిట్లో ఈ కుప్పలేమిటి? రాజుగారు చూస్తే నా పరువేం కాను?"

గవరమ్మ సూది పక్కన పెట్టింది. "పొట్ట కోసం చేసే రోజులు ఎప్పుడో పోయాయి తమ్ముడూ. నేను కూర్చుంటే ఈ ఊరు రోజూ వదిలేదంతా ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికో పోతుంది! వాగు మలుపు దగ్గర పెద్ద గొంది ఉంది, లోతైన పల్లం. అందులో పారేస్తే ఎవరి కంటా పడదు."

"కంటపడకపోతే లేనట్టేనా నాయనా?"

కనకలింగం విసురుగా లేచి వెళ్లిపోయాడు. మర్నాడు ఊళ్లో దండోరా వేయించాడు. ఇక ఎవరూ గవరమ్మకు ఏమీ ఇవ్వకూడదు. పనికిరానిదంతా బళ్ల మీద వేసి గొందిలో కుమ్మరించాలి. పెరడు చదునుచేసి పూలమొక్కలు నాటాలి.

గవరమ్మ గొడవ పడలేదు. మేడలోకీ వెళ్లలేదు. వాగు దాటి అవతలి గట్టు మీద ఉన్న చిన్న పల్లెకు పోయి, అక్కడి ఆడవాళ్లకు బొంతలు కుట్టడం నేర్పుతూ ఉండిపోయింది.

రాజుగారు వచ్చారు. అద్దంలా మెరుస్తున్న వీధులు చూసి మెచ్చుకున్నారు. కనకలింగానికి పట్టుశాలువా కప్పారు. ఊరంతా సంబరపడింది.

ఆ తరువాత ఏమైందో వినండి.

పారేయడం సులువయ్యేసరికి జనం ఎక్కువ పారేయసాగారు. ఇంతకుముందు కాలు విరిగిన పీటను వడ్రంగి దగ్గరికి తీసుకెళ్లేవారు. ఇప్పుడు బండి ఇంటి ముందుకే వస్తోంది కదా, అందులో పడేసి కొత్తది కొనుక్కున్నారు. అంచు పెచ్చు లేచిన కుండా గొందికే, కొస చిరిగిన దుప్పటీ గొందికే. చెంబులకు మాట్లు వేసే ముసలాయన పని లేక ఊరు విడిచిపోయాడు.

ఏడాది తిరిగింది. గవరమ్మ వాగు దాటి తమ్ముడి మేడకు వచ్చింది.

"తమ్ముడూ, మా గట్టు దగ్గర వాగు నీళ్లు రంగు మారాయి. పిల్లలకు ఒళ్లంతా దద్దుర్లు. గొందిలో వేయడం మానిపించు."

"వాగు నీళ్లు తాగడమెందుకక్కా? మీ పల్లెలో బావి తవ్విస్తాలే," అన్నాడు కనకలింగం. బావి తవ్వించాడు కూడా. గొందికి బళ్లు మాత్రం ఆగలేదు.

ఇంకో ఏడు గడిచింది. గంజి వాసనకు గొందిలోకి దిగిన ఆవులు ఆకులతో పాటు గుడ్డపేలికలు కూడా మింగాయి. పొట్టలు ఉబ్బి, ఒకటి తరువాత ఒకటి పడిపోయాయి. గవరమ్మ మళ్లీ వచ్చింది.

"నోరులేని జీవాలు చచ్చిపోతున్నాయిరా. ఇప్పటికైనా నా మాట విను."

"ముళ్లకంచె వేయిస్తానక్కా," అన్నాడు కనకలింగం. కంచె వేయించాడు కూడా. బళ్లవాళ్లు కంచె మీదుగా విసిరేశారు.

మూడో ఏడు వానలకు ముందు గవరమ్మ చేతికర్ర పట్టుకుని, ఎండలో నడిచి వచ్చింది. ఆనాడు మేడలో చుట్టాలున్నారు. ఒంటి నిండా దుమ్ముతో ఉన్న అక్కను కిటికీలోంచి చూశాడు కనకలింగం. పనిమనిషిని పిలిచి, "నేను ఇంట్లో లేనని చెప్పు," అన్నాడు.

గవరమ్మ గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. "వచ్చాక చెప్పమ్మా," అంది పనిమనిషితో. "గొంది నిండిపోయి సామానంతా వాగులోకి జారుతోంది. మలుపు మూసుకుపోయింది. పెద్ద వాన పడితే నీళ్లకు దారి లేదు. మరిచిపోకు తల్లీ."

పనిమనిషి మరిచిపోలేదు. చెప్పింది. "వానాకాలం వెళ్లాక చూద్దాం," అన్నాడు కనకలింగం.

వానాకాలం వెళ్లేదాకా వాన ఆగలేదు.

శ్రావణంలో మూడు రోజులు ఏకధాటిగా కురిసింది. నాలుగో రోజు పొద్దున్నే కుమ్మరి వీధిలో నీళ్లు కనిపించాయి. ముందు పాదాల లోతు, కాసేపటికి మోకాలి లోతు. మలుపు దగ్గర దారి మూసుకుపోయిన వాగు వెనక్కి తన్ని ఊళ్లోకి తిరిగింది. మట్టిగోడలు నాని కూలాయి. ఆరని కుండలన్నీ కరిగి మళ్లీ బురదయ్యాయి. సాలె వీధిలో మగ్గాలు మునిగాయి. జనం పిల్లల్ని భుజాలకెత్తుకుని మెరక మీదికి పరుగెత్తారు.

"మలుపు తెరవాలి! గడ్డపారలు తీసుకోండి!" అని అరుస్తూ కనకలింగం వానలోనే పరుగెత్తాడు. వెనక యాభైమంది పరుగెత్తారు.

వాళ్లు వెళ్లేసరికే అక్కడ మనుషులున్నారు. గవరమ్మ, ఆమెతో అవతలి పల్లె ఆడవాళ్లు పదిమంది. నడుముకు తాళ్లు కట్టుకుని నీళ్లలో నిలబడి కొంకికర్రలతో ఒక్కొక్కటీ లాగుతున్నారు. తెల్లవారకముందే వచ్చారట.

అందరూ నీళ్లలోకి దిగారు.

పిల్లలూ, ఆ రోజు మొగలిపురం తన సామాను తానే బయటికి లాగింది. "ఇది మా తిరగలి రాయి కదూ!" అన్నాడొకడు. "ఈ మంచం మాదే. నులక తెగిందని పడేశాం," అన్నాడు ఇంకొకడు. కనకలింగం చేతికి ఒక ఉయ్యాల తగిలింది. నూకమాను చెక్కతో చేసిన గట్టి ఉయ్యాల. అతని బిడ్డదే. ఒక్క మేకు ఊడిందని పారేయించాడు. ఆ ఒక్క మేకు కొడితే ఇంకో నలుగురు పిల్లలు అందులో ఊగేవారు.

మధ్యాహ్నానికి అడ్డు తెగింది. నీళ్లు పెద్ద హోరుతో కిందికి దూకాయి. ఊరు బతికింది. రెండు వీధులు మాత్రం నేలమట్టమయ్యాయి.

గట్టు మీద గవరమ్మ కూర్చుని వణుకుతోంది. కనకలింగం తన పైపంచె తీసి కప్పబోయాడు. అది కూడా తడిసి ముద్దయి ఉంది. అక్కను రెండు చేతులా ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయాడు.

ఆ తడికి గవరమ్మకు జ్వరం పట్టుకుంది. తగ్గడం, మళ్లీ రావడం, అలా నెల రోజులు మంచానపడింది. కనకలింగం పక్కనే కూర్చుని స్వయంగా గంజి తాగించాడు. ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు.

"అక్కా, మూడుసార్లు వచ్చావు. మూడోసారి నేను ఇంట్లో లేనని చెప్పించాను. నీకు తెలుసా?"

"తెలుసురా. లోపల్నించి నీ నవ్వు వినిపించింది," అంది గవరమ్మ. "నవ్వుతున్నాడు, వాడు బాగానే ఉన్నాడులే అనుకుని వెళ్లిపోయాను."

కనకలింగం తల వంచుకున్నాడు. అక్క తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది.

"నీ పని నాకు నేర్పక్కా," అన్నాడు.

గవరమ్మ నేర్పడం మొదలుపెట్టింది. ఏ బట్ట బొంతకు పనికొస్తుందో, ఏది వత్తులకు పనికొస్తుందో చెప్పింది. పెంకుల్ని ఎంత మెత్తగా దంచాలో చెప్పింది. ఆకుల గొయ్యి గురించి చెప్పబోతూ, "దానికి ఓపిక కావాలి తమ్ముడూ, రేపు చెబుతాను," అని కళ్లు మూసుకుంది.

ఆ రేపు రాలేదు.

కనకలింగం అక్క చెప్పినంతవరకూ చేశాడు. ఇంటింటా మూడు గంపలు పెట్టించాడు. వెళ్లిపోయిన మాట్ల ముసలాయన కోసం ఊరూరా మనుషుల్ని పంపితే, ఆయన పోయాడనీ, కూతురికి ఆ పని వచ్చనీ తెలిసింది. ఆమెను బతిమాలి పిలిపించుకున్నాడు. కొత్త వస్తువు కొనేముందు పాతదాన్ని ఒకసారి బాగుచేయించి చూడాలని ఊరంతా కట్టుబాటు చేసుకుంది.

కాని ఆకుల గొయ్యి మాత్రం మాట వినలేదు. మొదటి ఏడు కుళ్లి కంపు కొట్టింది. రెండో ఏడు ఆకులు ఎండినవి ఎండినట్టే ఉండిపోయాయి. గవరమ్మ ఎంత మట్టి కప్పేదో, ఎన్నాళ్లకోసారి తిరగవేసేదో ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్లు ఊరి వాకిట్లోనే ఆ పని చేసింది. ఒక్కరూ ఆగి చూడలేదు. చెడగొట్టుకుంటూ, మళ్లీ చేసుకుంటూ, నాలుగో ఏటికి గాని పిడికెడు నల్లటి ఎరువు కళ్లజూడలేకపోయారు.

వాగు మలుపు శుభ్రం కావడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ప్రతి వేసవిలో ఊరంతా దిగి తవ్వేవారు. తవ్వేకొద్దీ పేలికలు, పెంకులు వస్తూనే ఉండేవి. అక్కడి చేపలు మాత్రం మళ్లీ రాలేదు.

కనకలింగం ముసలివాడయ్యాడు. ఒకనాడు కొత్తగా కాపురానికొచ్చిన కోడలుపిల్ల ఒకామె, బరువు గంప మోస్తున్న అతణ్ణి చూసి నొచ్చుకుంది.

"తాతయ్యా, ఇంత పెద్దవారు మీరెందుకు మోయడం? ఎవరికైనా చెప్పకూడదూ?"

"చెప్పడం అయ్యిందమ్మా. నాకూ ఒకరు మూడుసార్లు చెప్పారు," అన్నాడు కనకలింగం. "చెప్పిన మనిషి ఉన్నప్పుడు విననివాడికి, ఆ మనిషి పోయాక మోయడమే మిగులుతుంది."

ఆ అమ్మాయి గంపకు ఒక పక్క చెయ్యి వేసింది. ఇద్దరూ మెల్లగా నడిచి వెళ్లారు.

కాబట్టి పిల్లలూ, మనం పారేసింది మన కంటి ముందు నుంచి పోతుందే గాని మన ఊరి నుంచి పోదు. అవసరమైనంతే తెచ్చుకోవాలి, ఉన్నదాన్ని బాగుచేసుకుని వాడుకోవాలి, ఆ దారి చూపించేవాళ్లను వాళ్లు మన మధ్య ఉండగానే గౌరవించాలి.