చివరి చీమ

హిమజకి ఒకటే పట్టుదల. 'చీమలదండు' ఆట మొదటి తెర మీద గురువుగారి పేరు కింద తన పేరు ఉండాలి.

ఆ ఆట చక్రపాణి మాస్టారు కుర్రతనంలో రాసింది. బెల్లం ముక్క మీదికి యాభై చీమలు బారులు తీరి దిగుతుంటాయి. కింద నుంచి నీటిబొట్లు విసిరి వాటిని కొట్టాలి. ఆ కాలపు కంప్యూటరు మిషను మాస్టారి గదిలో ఇంకా పనిచేస్తోంది. పాత ఆటలు కనిపిస్తే చాలు, కొత్త కంప్యూటర్లకి తిరగరాయడం హిమజ సరదా. దీన్ని ఫోనుకీ, లాప్‌టాప్‌కీ, టీవీకీ రాసేసింది.

"ఆట కుదిరిన రోజున నీ పేరు నువ్వే టైపు కొట్టుకో," అని మాస్టారు మొదట్లోనే మాటిచ్చారు.

"కుదిరింది మాస్టారూ!" వస్తూనే లాప్‌టాప్ తెరిచింది. "పైగా మీ తప్పొకటి దిద్దాను. మీ మిషను యాభై చీమల్ని గీయడానికి ఆపసోపాలు పడుతుంది. చీమలు చచ్చేకొద్దీ దానికి పని తగ్గి, మిగిలినవి పరుగెడతాయి. ఒక్కటే మిగిలితే ఇక పట్టపగ్గాలుండవు. నేను వాటి వేగాన్ని కంప్యూటరు గడియారానికి కట్టేశాను. మొదటి చీమైనా చివరి చీమైనా, ఎక్కడ ఆడినా ఒకటే వేగం. వెంట్రుకవాసి తేడా రాదు!"

"అబ్బో! నా తప్పులు పట్టేదానివయ్యావన్నమాట."

మాస్టారు నవ్వి, ఫ్లాస్కులోంచి గ్లాసులో టీ పోసి ఆమె పక్కన పెట్టారు. "తాగుతూ ఆడు."

హిమజ ఒక చేత్తో ఆడుతూ, రెండో చేత్తో టీ తాగుతూ హాయిగా గెలిచింది. గ్లాసులో చుక్క మిగల్లేదు.

మాస్టారు గ్లాసు కడిగి, మళ్ళీ టీ నింపి, ఈసారి పాత మిషను పక్కన పెట్టారు.

"ఇప్పుడిక్కడ. తాగుతూనే ఆడు."

చీమలు బద్ధకంగా కదిలాయి. సగం చచ్చేసరికి ఆమె రెండో చెయ్యి కూడా మీటల మీదికి వచ్చింది. ఇంకో పది ఉన్నాయనగా కుర్చీ అంచుకి జరిగింది. ఆఖరికి ఒక్కటి మిగిలింది. తెర ఈ కొస నుంచి ఆ కొసకి దూసుకుపోతూ కిందికి దిగుతోంది.

"అయ్యో, అయ్యో... ఆగవే, నీ దుంప తెగ!"

హిమజ లేచి నిలబడిపోయింది. కుర్చీ వెనక్కి పడింది. చీమ బెల్లాన్ని ముట్టబోతుండగా నీటిబొట్టు తగిలింది.

"కొట్టేశా! మాస్టారూ, కొట్టేశా!"

మాస్టారు గ్లాసు వైపు చూశారు. హిమజా చూసింది. టీ మీద తెట్టు కట్టింది.

హిమజ, పడిన కుర్చీని లేపడం కూడా మరిచి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికి పరుగెత్తింది.

మర్నాడు వచ్చి లాప్‌టాప్ ఆయన ముందుంచింది. ఫ్లాస్కు అందుకుని తనే టీ పోసింది.

"తాగుతూ ఆడండి మాస్టారూ."

చీమలు తగ్గేకొద్దీ మిగిలినవి పరుగందుకున్నాయి; కాసేపటికి మాస్టారి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. చివరి చీమ దగ్గర, "ఓసి దీని అసాధ్యం కూలా!" అంటూ కుర్చీలోంచి లేచారు. గ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉంది.

హిమజ గ్లాసు వైపు చూసింది.

ఆయన తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అన్నారు:

"ఆ టీ నువ్వు తాగెయ్యవే అమ్మాయ్. తాగి, నీ పేరు కొట్టుకో."